ఊహాఖడ్గములును మన కొలిములును
(మహాసభ రెండవనాటి సమావేశమున గావించిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థివసతిగృహమును గూర్చియు ఈ వేదికపై ప్రసంగింప సమర్థులు పలువురు గలరు. నేను కమ్మరిని, నలువది సంవత్సరములు దాగలి యెదుట నిలిచినవాడను. నాకు సభామర్యాదలు తెలియవు, ఇనుము కొంత తెలియును. కావున ఇనుమును గూర్చియే చెప్పెదను. అందును మీలో గొందఱికి నవ్వు పుట్టించు విషయమును, అనగా కథలలోని కత్తులను గూర్చి చెప్పెదను. కార్యదర్శిగారికి ఈ సంగతి తెలిపినపుడు వారును నవ్విరి. నవ్వియు కార్యక్రమపత్రమున వేసిరి, అదియే వారి పెద్దఱికము.

ఈ విషయము నేల యెన్నుకొంటినో మొదట మనవి చేసెదను. మన యువకులు కొందఱు ఇటీవల ఊహాఖడ్గములు చేయు పనికి బూనుకొనిరి. నవలలయందును, చలనచిత్రములయందును, తెరమీది ఆటలయందును గనబడు కత్తులను, బాకులను, గండ్రగొడ్డండ్లను చూచి, వానివలెనే గాని, వానిని బోలిన తమ సొంతకల్పనతో గాని చేతితో చేసి, వేడుకకై కొనువారికి విక్రయించుచున్నారు. ఊరిలో నాగటికఱ్ఱు కాల్పించుకొను రైతు కనబడుట యరుదైనది. కొడవండ్లు అంగడిలో కట్టలుగా దొరకుచున్నవి. కొలిమి చల్లారిన యింట బుట్టిన పిల్లవాడు మఱల బొగ్గు రాజవేసినచో మనము సంతోషింపవలసినదే. కాని పెద్దలలో నిద్దఱు ముగ్గురు నాతో రెండు మాటలనిరి. "ఇది పిల్లలయాట గాని వృత్తి గాదు" అనునది యొకటి. "కత్తులు చేసి కచ్చేరీల చుట్టు తిరుగుదురు" అనునది రెండవది. మొదటిమాట తప్పు. రెండవమాటలో సగము నిజము గలదు.

కథలోని కత్తి మనకు క్రొత్తది గాదు. విష్ణువు చేతిలోని నందకమును ఎవడును తూచి చూడలేదు. ఐనను తాళ్లపాక అన్నమాచార్యులను నందకాంశసంభూతుడని తెలుగువారు నమ్మిరి. శివుడు రావణునకిచ్చిన చంద్రహాసమును శిల్పులు ఱాతిలో చెక్కిరి, సురభివారివంటి నాటకసమాజములవారు ఱేకుతో చేసికొని రంగమున త్రిప్పిరి. 1947లో వెలువడ నారంభించిన చందమామను చదివి పెరిగిన మాకు రాజకుమారుని నడుమునకు వ్రేలాడు ఒర బొమ్మ లేక కథయే లేదు. 1951లో పాతాళభైరవి వచ్చెను. కాంతారావుగారికి కత్తియే యింటిపేరయ్యెను. 2015లోను 2017లోను వచ్చిన బాహుబలి చిత్రముల తరువాత మా యూరి పిల్లలు వేపబెత్తములతో చేసిన యుద్ధములకు లెక్కలేదు. చేయువారు మనవారే, త్రిప్పువారు మనవారే. ఇందు పరువుతక్కువ యేమున్నది?

ఇక పరదేశములలోని కథాఖడ్గముల సంగతి. 1825లో వాల్టరు స్కాటు అను స్కాట్లండు నవలాకారుడు టాలిస్మన్ అను నవలను ప్రకటించెను. అందు ఇంగ్లండు రాజగు రిచర్డును, సుల్తాను సలాహుద్దీనును ఒకచో గూడి తమ ఖడ్గముల సత్తువ చూపుకొందురు. రిచర్డు పెద్దకత్తి యెత్తి ఇనుపకడ్డీని రెండు తునుకలు చేయును. సుల్తాను పట్టుదిండును, పిమ్మట పలుచని మేలిముసుగును తన వంపుకత్తితో చప్పుడు లేకుండ కోయును. చరిత్రలో వారిద్దఱును ముఖాముఖి కలసికొననేలేదు; అంతయు కల్పనయే. కాని ఆ వంపుకత్తికి ఒకవిధమగు నీలిచాయయు, నీటియలలవంటి లెక్కలేని సన్నగీతలును ఉన్నవని స్కాటు వర్ణించెను. ఆ గీతలు కల్పన కాదు. వానిని డమాస్కసు గీతలందురు. 1996లో మొదటిసంపుటము వెలువడిన మార్టిను గారి సింహాసనకథలో, చేయు రహస్యము నశించిపోయిన అలలగీతల ఉక్కుకత్తులు గలవు. 1954, 1955 సంవత్సరములలో వెలువడిన టోల్కీను గారి కథలో విఱిగిన రాజఖడ్గమును మఱల అతికి రాజునకిత్తురు. దానిని చిత్రముగా దీసినపుడు న్యూజిలండునందలి వెల్లింగ్టను నగరమున వేటా కార్యశాలలో పీటర్ లయన్ అను కమ్మరి సమీపదృశ్యములకు నిజమైన ఉక్కుకత్తులు చేసెను. పోరాటమునకు అల్యూమినియముతోను, దుమికి పడు పనులకు రబ్బరువంటి పదార్థముతోను వేఱుగా చేసిరి. ఈ భేదమును మన పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను. దీనిని మఱల నెత్తుదును.

ఆ నశించిన రహస్యము ఎవరిది? మహాజనులారా, అది నిజామాబాదు మండలములోనిది. కమ్మర్‌పల్లికి చేరువనున్న కోనసముద్రమునందు మన పూర్వులు మూసలలో ఉక్కు కరగించిరి. కమ్మర్‌పల్లి యను పేరు విన్నంతనే తెలియవలసిన సంగతి. 17వ శతాబ్దియందు హిందూదేశమున తిరిగిన టవర్నియె, డమాస్కసు గీతలు దేలు ఉక్కు గోలకొండ రాజ్యమునుండి పారసీకమునకు వచ్చునని వ్రాసెను. 1666-67 సంవత్సరములలో మన దేశమున సంచరించిన తెవెనో అను ఫ్రెంచియాత్రికుడు నేటి నిజామాబాదు జిల్లాలోని ఇందల్వాయిని పేర్కొని, అచ్చట కత్తులును, బాకులును, బల్లెములును విస్తారముగా చేయబడి దేశమంతటను అమ్ముడుపోవుచున్నవని తెలిపెను. చూడుడు, కత్తులును, బాకులును, బల్లెములును! నేడు మన కుర్రవాని అమ్మకపుపట్టికయు ఇదియే.

కోనసముద్రపు పనిని కంటితో చూచి వ్రాసినవాడు హెన్రీ వాయిసీ. అతడు లాంబ్టను దొర భూమికొలత దళమున వైద్యుడు, భూగర్భశాస్త్రవేత్త. 1824లో మరణించెను. అతని వ్రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సంఘపు పత్రికయందు అచ్చుపడెను. రెండు చోట్లనుండి తెచ్చిన రెండువిధముల యినుమును పాళ్లు చూచి కలిపి, మూసలోవేసి, మూతపెట్టి మట్టితో మూసి, కొలిమిలో పేర్చి, ఒక రేయియు నొక పగలును తిత్తులూదుచు కాల్చెడివారు. పిమ్మట దొరకిన ఉక్కుముద్దకు మట్టిపూసి పలుమాఱులు కాచి మెత్తబఱచెడివారు. ఇస్పహాను నుండి వచ్చిన యొక పారసీకవర్తకుని వాయిసీ అచ్చట చూచెను. తమ దేశమున ఇట్టి ఉక్కు చేయ యత్నించియు చేయలేకపోయిరని ఆ వర్తకుడు చెప్పెను. అంత దూరదేశమునుండి వచ్చినవాడు ఒక పల్లెలో కమ్మరికొలిమి ముంగిట కాచుకొని కూర్చుండెను! నేను ఎన్నిమాఱులు తలచుకొన్నను ఈ చిత్రము నా మనస్సునుండి పోదు. ఆ మూసలను మట్టితో వరిపొట్టు కలిపి చేసెడివారు. పొట్టు కాలి బొగ్గై మట్టిని మంటకు నిలుపును. తెలంగాణములోని పాతకొలిముల దిబ్బలలో ఆ మూసల పెంకులు నేటికిని దొరకును. మన పొలములలో పిల్లలు వానితో ఆడుకొందురు. పరిశోధకులు వచ్చి వానిని దూదిలో జుట్టి తీసికొనిపోవుదురు.

ఈ ఉక్కు సీమకు పోయినపిమ్మట దాని పేరు వుట్జు అయ్యెను. తెలుగుకన్నడములలోని ఉక్కు అను మాటయే చెడి అట్లైనదని పండితుల తలంపు. 1795లో జార్జి పియర్సను దానిని పరీక్షించి లండను రాయల్ సొసైటీలో వ్యాసము చదివెను. తరువాత మైకేల్ ఫారడే, స్టోడార్టు అను కత్తులపనివానితో గలసి, 1819 మొదలు దానివంటి ఉక్కు చేయ బహుప్రయత్నములు చేసెను. ఫారడే యెవరు? విద్యుచ్ఛక్తికి పితామహుడని మన పిల్లలు పాఠమున చదువుదురు. అతడు కమ్మరి కొడుకు. ఈ మాట పాఠములో నుండదు. రష్యాయందు అనోసోవు అను గనులయధికారి పలుసంవత్సరములు కృషిచేసి 1841లో తన ఫలితములు ప్రకటించెను. చివరకు అమెరికాలో వెర్‌హోవెన్ అను ఆచార్యుడును, పెండ్రే అను గుఱ్ఱపునాడాల కమ్మరియు గలసి పనిచేసి, 1998లో ముఖ్యమైన సంగతి తేల్చిరి. ఉక్కులో బొగ్గుపాలు నూటికి ఇంచుమించు ఒకటిన్నర యుండవలెను. అదికాక వనేడియమువంటి లోహము లేశమాత్రము, అనగా లక్షపాళ్లలో నాలుగుపాళ్లైనను, ఉండవలెను. అట్లున్నయెడల మాటిమాటికి కాచి సాగగొట్టునపుడు గట్టిరేణువులు వరుసలుదీరి గీతలుగా నేర్పడును. ఆ లేశము మన ఖనిజములోనే యుండెను. అట్టి ఖనిజపు గనులు తఱిగిపోగా విద్యయు పోయెనని వారి యూహ. నా యూహ వేఱు. 1856లో బెస్సెమరు పద్ధతి పుట్టి చవుక ఉక్కు ఓడలమీద వచ్చెను. అడవిచట్టములు బొగ్గును ప్రియము చేసెను. 1878 ఆయుధచట్టము కత్తికొను చేతులను కట్టివేసెను. ఖనిజము తఱుగుటకంటె ముందు గిరాకి తఱిగెను. పండితులకు గనిలేమి కనబడును. కమ్మరికి అప్పులపద్దు కనబడును.

ఆచార్యుడును నాడాలుకొట్టువాడును ఒక్క కాగితముమీద సమానముగా సంతకము చేసిన సంగతిని మాత్రము మన విద్యావంతులు గమనింపవలెనని కోరుచున్నాను.

ఇక మన పిల్లలపని. వారు చూపు కత్తులమీదను అలలగీతలు గలవు. వానిని చూచి "ఇది మన కోనసముద్రపు ఉక్కు" అని అమ్మువారు కొందఱున్నారు. ఇది తప్పు, నేను మెత్తగా చెప్పజాలను. అవి పొరలగీతలు. రెండువిధముల ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, టంకణము చల్లి, కాచి, సమ్మెటతో అతికి, మడచి, మఱల నతికి, మెలిపెట్టి సాగగొట్టుదురు. అందొక ఉక్కులో నికెలు నూటికి రెండుపాళ్లుండును. చివర ఫెర్రిక్ క్లోరైడు నీటిలో ముంచినపుడు ఒక పొర నల్లబడును, నికెలుపొర తెల్లగా నిలుచును. అమెరికాలో మోరాన్ అను కత్తులపనివాడు 1973లో ఈ విధముగా చేసిన కత్తులను ప్రదర్శనమున నుంచిన పిమ్మట ఈ పని లోకమున వ్యాపించెను. ఇదియు గొప్పపనియే, చేయివాటము లేనివాడు అతుకు నిలుపలేడు. ఐనను ఇది మూస ఉక్కు గాదు. పొరల ఉక్కును పొరల ఉక్కనియే చెప్పి అమ్మవలెను. అంతకంటె హీనము మఱియొకటి కలదు. మామూలు ఱేకుమీద ఆమ్లముతో గీతలు వ్రాసి అమ్ముట. అట్టి కత్తిని ఒకమాఱు సానరాతిపై గీచినచో గీతలు తుడుచుకొనిపోవును. దానితోపాటు మన పేరును పోవును. పరదేశమునుండి డబ్బు పంపి కొనినవాడు పనివాని పేరు మఱచును, "ఆ దేశపువాడు మోసగించెను" అనుమాట మఱవడు.

కథలోని కత్తిని నిజమైన యినుముతో చేయునపుడు వచ్చు చిక్కులను కొంచెము విస్తరించి చెప్పెదను, క్షమింపుడు. ఇదే నాకు తెలిసిన భాగము.

చిత్రకారుడు గీచిన ఖడ్గమునకు బరువు లేదు. అది ఆఱడుగులుండవచ్చును, జానెడు వెడల్పుండవచ్చును, వాదరపై ముండ్లును, నడుమ కన్నములును ఉండవచ్చును. యుద్ధములలో వాడిన ఒంటిచేతి ఖడ్గములు పెక్కు ఒక కిలోకును ఒకటిన్నర కిలోకును నడుమ తూగును. చిత్రపటము చూచి అదే మందముతో చేసినచో నాలుగైదు కిలోలు తూగి, ఎత్తినవాని మణికట్టును విఱుచును. కావున పిడియొద్ద ఐదాఱు మిల్లీమీటర్ల మందముంచి మొనవైపునకు సగమునకంటె తక్కువగా పలుచన చేయవలెను. నడుమ గాడి తీయవలెను. గాడి నెత్తురు పోవుటకని కథలు చెప్పుదురు. అది బరువు తగ్గించి బిగువు నిలుపుటకు. ఇక ముండ్లును కన్నములును. వాని లోపలిమూలలు వాడిగా నున్నయెడల నూనెలో ముంచినక్షణమున అచ్చటనే టప్పున బీటవాఱును. పదిదినముల పని ఒక్క చప్పుడులో పోవును. మూల ప్రతిదియు గుండ్రని ఆకురాతితో నున్నన చేసినపిమ్మటనే పదనుకు పోవలెను.

ఏ ఉక్కు? గోడకు వ్రేలాడదీయు అంగడికత్తులను తుప్పుపట్టని ఉక్కుతో చేయుదురు. చూచుటకు తళతళలాడును, పొడవైన కత్తికి పనికిరాదు, దెబ్బకు విఱుగును. మనకు లారీల కమానుపట్టీ యున్నది. బొగ్గుపాలు నూటికి ఇంచుమించు సున్న దశాంశము ఆఱు, వంగి మఱల నిలుచు గుణము. కొడవలికిని గొడ్డలికిని మనము వాడుచున్నదే. కాని పాతపట్టీలో కంటికి గనబడని చీలికలుండును. చిన్నబాకుకు చాలును, ఖడ్గమునకు క్రొత్తపట్టీయే కొనుడు. ఇందు పిసినితనము పనికిరాదు.

పదను పెట్టుటయందు మా నాయనగారు సంధ్యచీకటిలోనే చేయవలెనని పట్టుబట్టెడివారు. మూఢాచారమని నేను నవ్వెడివాడను. వెలుతురులో కాక రంగు కంటికి తప్పుగా దోచునని తరువాత తెలిసెను. 770 డిగ్రీల యొద్ద ఇనుము సూదంటురాతికి అంటుట మానును. అంతకు కొంచెము పైకి కాచి, వెచ్చని నూనెలో మొనతో నిలువుగా దింపవలెను; అడ్డముగా దింపినచో విల్లువలె వంగును. అప్పుడది గాజువలె పెళుసు. వెంటనే మెల్లగా మఱల కాచి పెళుసు తీయవలెను. రుద్దిన ఉక్కుపై మొదట గడ్డిరంగు, పిమ్మట గోధుమవన్నె, ఊదా, నీలము వరుసగా దేలును. చిన్నకత్తికి గడ్డిరంగుననే ఆపుదుము. పొడవైన ఖడ్గమునకు 300 డిగ్రీల చేరువ నీలము వచ్చువఱకు పోవలెను. కోనసముద్రపు రకము ఉక్కైనచో మఱియొక జాగ్రత్త కావలెను. ఎఱ్ఱకాక దాటి పసుపుకాకకు పోయినచో ఆ ముద్ద సమ్మెటక్రింద బెల్లపుటచ్చువలె పొడియగును. సీమ కమ్మరులు మొదట మన ఉక్కును పాడుచేసికొన్నది ఇందువలననే. తమ యినుమునకు అలవాటైన కాకను దీనికిచ్చిరి.

ఇక పిడి. సోదరులారా, ఇందొక నేరమును ఒప్పుకొనవలసియున్నది. నా యిరువదిమూడవయేట మా ప్రక్కయూరి నాటకమువారికి చంద్రహాసము చేసియిచ్చితిని. కత్తి బాగుగనే కుదిరెను. పిడిలోనికి చొచ్చు ఇనుమును మాత్రము వెడల్పుగా నుంచక, తొందరపాటున మేకుపాటి కడ్డీని అతికించితిని. పైన ఇత్తడిపరుజు, ఎఱ్ఱపట్టు, ఎవరికి గనబడును? నాటకమునాటిరాత్రి మూడవ యంకమున రావణవేషధారి సీతపై కత్తి యెత్తి ఝళిపించెను. పిడి ఆతనిచేతిలోనే యున్నది. కత్తి రంగముముందు కూర్చున్న హార్మోనియం మేష్టరు భుజముపై పడెను. వాదర తీయలేదు గనుక ప్రాణము దక్కెను. ఎముక విఱిగెను. ఆయన ఎడమచేయి తరువాత భుజముపైకి లేవలేదు. ఆ రాత్రి జనులందఱును నటుని దిట్టిరి. నేను వెనుకవరుసలో నుంటిని, నోరు మెదపలేదు. ఆరుమాసములైనపిమ్మట ఆయనయింటికి పోయి తప్పు నాదని చెప్పితిని. "నాకు ఆ రాత్రియే తెలియును, విఱిగిన కడ్డీని నేనే చూచితిని, కుర్రవాడు ఎప్పుడు వచ్చునా యని చూచుచుంటిని" అనెను. ఆయన జీవించినంతకాలము తన యింటి కత్తిపీటను నా కొలిమికే పంపెడివాడు. నేను డబ్బు పుచ్చుకొననంటిని. ఆయన ఊరకే చేయించుకొననని పట్టుబట్టి ప్రతిమాఱును అణా పైసలతో ఇచ్చివేసెను.

కావున రంగమునకును తెరకును ఇచ్చునది వేఱు, గోడకును గాజుపెట్టెకును ఇచ్చునది వేఱు. వెల్లింగ్టనువారు మూడువిధములుగా చేసినది ఇందుకే. నాటకమువాడు ఉక్కు కావలెనని పట్టుబట్టినను ఇయ్యకుడు. ఇచ్చు ప్రతికత్తికిని పిడిలోని యినుము కత్తితో ఒక్కముక్కయై, చివరవఱకు పోయి, వెనుక బిళ్లపై రివెట్టువలె కొట్టబడి యుండవలెను.

కత్తి కమ్మరి యొక్కనిపని యని నేను చెప్పబోను. పంచవృత్తులును అందు గలవు. వాదర మనువు సంతతివారిది, ఒరకు కఱ్ఱ మయునివారిది, కాపునకు ఇత్తడిపోత త్వష్టవారిది, రూపకల్పన శిల్పిది, పరుజుపై వెండితీగె పొదుగుట విశ్వజ్ఞునివారిది. కన్యాదానములప్పుడు శాఖాభేదములు లెక్కించు మనము ఒక ఖడ్గమును ముందిడుకొని కూర్చున్నచో ఐదుగురమును అక్కఱపడుదుము. అంతటితోను తీఱదు. ఒరపై తోలు మనచేత గాదు. ఆ తోలుపనివాడు మన సంఘపుపుస్తకములో లేడు; ఐనను అతనిపేరు లేని ఖడ్గము సగము ఖడ్గమే. కూలి పంచుకొనునపుడు ఈ సంగతి మఱవవలదు.

కచ్చేరీ మాట. 1959 ఆయుధచట్టమును, 2016 ఆయుధనిబంధనలును మన పిల్లలు చదువవలెను. తొమ్మిది అంగుళములకు మించిన పొడవు గాని, రెండంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులను, ఖడ్గములను, బాకులను ఆ నిబంధనలు ఆయుధములలో నొక తరగతిగా లెక్కించును. ఇంటిపనికిని, సేద్యమునకును, శాస్త్రపరిశ్రమలకును చేసినవి అందు చేరవు. ప్రభుత్వప్రకటన యున్న ప్రాంతములలో వానిని దగ్గఱ నుంచుకొనుటకే అనుమతిపత్రము కావలెను. కొలిమి రాజవేయుటకు ముందే జిల్లా కలెక్టరుగారి కార్యాలయమునందో పోలీసువారియొద్దనో వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుడు. వాదర తీయని అలంకారఖడ్గము చేయుటయే మేలు. కొనువాడు ఎవరో, ఎందుకో పుస్తకమున వ్రాసికొనుడు. టెర్రీ ప్రాచెట్టు అను ఇంగ్లండు కథారచయిత 2009లో నైటు బిరుదు పొంది, నైటునకు కత్తి యుండవలెనని తానే ఖనిజము త్రవ్వి కరగించి, అందు ఉల్కాలోహపు ముక్కలు కలిపి, కమ్మరి సాయముతో ఖడ్గము చేసికొనెను. పిమ్మట అధికారులకు భయపడి దాచితినని నవ్వుచు చెప్పుకొనెను. ఆయనకు అట్లు చెల్లును. మన కుర్రవాడు దాచినచో కథ వేఱుగా నడచును.

కడపట సహాయపు మాట. 2023 సెప్టెంబరు 17న ప్రారంభింపబడిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులు చేర్చబడెను. అందు కమ్మరిపని వేఱుగను, ఆయుధములు చేయువానిపని వేఱుగను గలవు. పనిముట్లకు 15,000 రూపాయలును, నూటికి ఐదు వడ్డీపై మొదట లక్షయు పిమ్మట రెండులక్షలును ఋణముగా పథకమున నిర్ణయింపబడెను. ఆయుధముల పేరు అందున్నదని మనలో ఎందఱికి తెలియును?

ఈ మహాసభవారిని నేను రెండు కోరుచున్నాను. చందాలలో నొక భాగముతో ఒక ఉమ్మడి కొలిమి పెట్టుడు. కాక కొలుచు యంత్రమును, గట్టితనము చూచు యంత్రమును అందుంచుడు. ఒక్కొక్కడు కొనజాలనివి అవియే. రెండవది, అచ్చటనుండి వెలువడు ప్రతికత్తికిని పిడిక్రింద ముద్ర వేయింపుడు. ఏ ఉక్కు, పొరలదా ఒంటిదా, వాదర తీసినదా లేదా, పిడిలోని యినుము ఒక్కముక్కయా అనునవి ఆ ముద్రలో తెలియవలెను. అబద్ధముద్ర వేసినవానికి ఆ కొలిమిలో చోటుండరాదు. తీర్మానముగా ప్రతిపాదించుటకు నాకధికారము లేదు. ఉన్నవారు ఆలోచింపుడు.

మా మేనల్లుడు చేసిన ఖడ్గమొకటి తెచ్చితిని. ఆ మూలబల్లమీద నున్నది. పొరల ఉక్కు, మూడువందలపైచిలుకు పొరలు, వాదర తీయలేదు. పిడిని ఊడదీసి ప్రక్కన పెట్టితిని, లోపలి యినుము కనబడుటకు. భోజనములైన పిమ్మట వచ్చి చూడుడు. చేతనెత్తి బరువు చూడుడు. చేతిచెమట గీతలను మఱక చేయును గావున పట్టినవారు అచ్చటి నూనెగుడ్డతో తుడిచి పెట్టుడు.